కూర్చోలేని గుమాస్తా

ఈ ఏడాది ఉత్తమ ఉద్యోగిగా రికార్డు గది గుమాస్తాను ఎంపిక చేయడమైనదని పెద్ద ఆఫీసరు గారు సంతోషంతో ప్రకటించారు. నాలుగు నెలలుగా ఆయన కుర్చీలో కూర్చోగా చూసినవారు లేరు. అంతకన్నా అర్హత ఏం కావాలి?

అసలు సంగతి ఏమిటంటే, అంతకు ముందెప్పుడో వాంతులవుతున్నాయని వెళితే డాక్టరు గారు ఐదు రోజులకు మాత్రలు రాశారు. మూడో రోజుకే వాంతులు కట్టేశాయి. మన గుమాస్తా మాత్రం మింగుతూనే ఉన్నాడు.

"ఇంకా ఎందుకండీ అవి?" అంది భార్య.

"ఆపమని కాగితం రాలేదుగా!"

ఇరవై రెండేళ్ల సర్వీసులో, ఉత్తర్వు లేకుండా దేన్నీ ఆపిన పాపాన పోలేదాయన. మందుల షాపతనూ అదే చీటీ చూసి అవే మాత్రలు ఇస్తూ పోయాడు. పాపం, అతనికీ కాగితం రాలేదు.

రెండో నెలకల్లా కాళ్లు ఆయన మాట వినడం మానేశాయి. కూర్చుంటే చాలు, లోపల ఎవరో లే లెమ్మని తరుముతున్నట్టుండేది. చంకలో ఓ ఫైలు పెట్టుకుని కిటికీకీ బీరువాకీ మధ్య తిరిగేవాడు. రోజూ అదే ఫైలు. అద్దాల గదిలోంచి చూస్తున్న ఆఫీసరు గారికి కళ్లు చెమర్చాయి.

ఇంట్లో ఆరేళ్ల కూతురికీ కళ్లు చెమర్చేవి, వేరే కారణంతో. సాయంత్రం నాన్న ఒళ్లో కూర్చుని కథ వినడం దానికి అలవాటు. నిలబడ్డవాడికి ఒళ్లెక్కడిది? నాన్న వెనకాలే గదంతా తిరిగి, సగం కథకే దానికి కాళ్లు పీకేవి.

"నాన్నా, ఒక్కసారి కూర్చోవా?"

కూర్చునేవాడు. పది లెక్కపెట్టేలోగా లేచేవాడు. గుండె తరుక్కుపోయేదాయనకి.

సన్మాన సభలో మెడలో పతకం వేయడానికి ఆఫీసరు గారు వేదిక మీద ఆయన వెనక రెండు చుట్లు పరుగెత్తారు. "చూశారా! సన్మానానికి కూడా ఆగని మనిషి! అందరూ ఈయన అడుగుజాడల్లోనే నడవాలి!" అని రొప్పుతూ సెలవిచ్చారు. ఆ అడుగుజాడలు గుండ్రంగా ఉన్నాయని ఎవరికీ తోచలేదు.

ఇక లాభం లేదని భార్య ఆయన్ను రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"ఐదు రోజులకు రాస్తే ఇన్ని నెలలు మింగారా మహానుభావా? ఈ కాళ్ల గోలంతా దానివల్లే. ఇక ఆపేయండి!"

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వండి," అన్నాడు గుమాస్తా.

కొన్ని వారాలకు కాళ్లు నెమ్మదించాయి. కూతురు ఒళ్లోకి ఎగిరి దూకి, కథంతా విని, మళ్లీ మొదట్నుంచి చెప్పమంది. ఆఫీసులో ఆయన హాయిగా కూర్చుని వారంలో నలభై ఫైళ్లు తేల్చేశాడు.

ఎనిమిదో రోజున మెమో వచ్చింది: "పనివేళల్లో మీరు కుర్చీలో కూర్చుని పట్టుబడినారు. ఉద్యోగంలో ఎందుకు ఉంచవలెనో తెలుపగలరు."

 ఆ సాయంత్రం ఆయన కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జవాబు రాశాడు: "కూర్చోవడానికి డాక్టరు గారి కాగితం ముందు వచ్చినది, తమరిది తర్వాత వచ్చినది. వరుస ప్రకారం మొదటిదే పాటిస్తున్నాను. నన్ను కూర్చోనివ్వని మాత్రల పాత చీటీ, వాటిని ఆపమన్న కొత్త చీటీ జతపరచడమైనది."

ఆఫీసరు గారికి పాత చీటీ తెగ నచ్చింది. ఆ మాత్రలే పెట్టెలకొద్దీ తెప్పించి సిబ్బందికి పంచారు, తామూ పుచ్చుకున్నారు. ఇప్పుడు ఆ ఆఫీసు ఎంత కళకళలాడుతోందో మీరూ చూశారు. మొన్న మీ పని మీద వెళ్లి, అందరి హడావుడికీ ముచ్చటపడ్డారు. మూల కుర్చీలో ఒక్కడే కూర్చుని మీ ఫైలు తేల్చి చేతికిచ్చాడు. బయటికొస్తూ, కదలకుండా జీతం తింటున్నాడని అతని మీద ఫిర్యాదు రాసింది మీరే కదూ?