ఏ బడీ లేని ఆటల మాస్టారు

“ఆ పాచిక ఎవరైనా మింగేస్తే?”

ఆట ఇంకా మొదలే కాలేదు. పాచిక ఇంకా డబ్బాలోనే ఉంది. బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురూ నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు, అందులో ఒకాయన పళ్ల డాక్టరు. అయినా ముందుగా అడగడం నా బాధ్యత కదా!

“మింగితే ఎక్స్‌రే తీయిద్దాంలే అమ్మా. ఎంత పడిందో కూడా తెలుస్తుంది,” అంది మా అమ్మాయి. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇరవై ముఖాల పాచిక అది. ఎటు తిప్పినా మూలలే. గొంతులో ఏ మూల గుచ్చుకుంటుందో ఎవరు చెప్పగలరు?

అంత భయంలోనూ ఒక నిజం ఒప్పుకోక తప్పదు. ప్రతి ఇంట్లోనూ ఒక గేమ్ మాస్టర్ ఉండి తీరాలి! ఇంటికి గ్యాస్ స్టవ్ ఎంతో, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఎంతో, గేమ్ మాస్టర్ అంత. లేని ఇంటికి కరెంటు కనెక్షన్ ఇవ్వకూడదని రూలు పెట్టినా నేను సంతకం పెడతాను.

గేమ్ మాస్టర్ అంటే తెలియదా? అప్పట్లో నాకూ తెలియదు. తెలియకే ఇంత జరిగింది. మీకలా జరగకూడదని ముందే చెప్పేస్తున్నాను.

నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు. “మీరో గుహ ముందు నిలబడ్డారు, లోపల్నుంచి కుళ్లిన వాసన వస్తోంది, ఇప్పుడేం చేస్తారు?” అని అడుగుతారు. మిగతావాళ్లు తలొక వేషం వేసుకుని, వేషమంటే బట్టలు కాదు, మాటల్లోనే, నేను కత్తి దూస్తాను, నేను చెట్టెక్కుతాను అని చెబుతారు. అది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. ఆ కథ చెప్పే మనిషే గేమ్ మాస్టర్. మా ఇంట్లో ఆ మనిషి మా అమ్మాయి. వారంలో ఆరు రోజులు కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగిస్తుంది. ఆదివారం రెండింటి నుంచి ఆరింటి దాకా మా డైనింగ్ టేబుల్ మీద ఒక రాజ్యాన్ని నడుపుతుంది.

ఆ రాజ్యం కాగితాలు ఎవరికీ కనపడకుండా ముందర ఒక అట్ట నిలబెట్టుకుంటుంది. షాపులో పాతబడిపోయిన కళ్ల పరీక్ష అట్ట. పళ్ల డాక్టరుకి ఏం చెయ్యాలో తోచనప్పుడల్లా దాని మీద కింది వరసలో అక్షరాలు చదువుకుంటూ కూర్చుంటాడు.

ఇక లాభాలు వినండి.

మొదటిది, పిల్ల ఎక్కడుందో తల్లికి తెలుస్తుంది. పక్కింటావిడ ఇద్దరు పిల్లలూ ఆదివారం పొద్దున బయటికి పోతే ఎక్కడున్నారో ఆవిడకి తెలియదు. ఫోన్ చేస్తే ఎత్తరు. నన్నడగండి! “మీ అమ్మాయి ఏదీ?” అంటే, “గుహలో ఉందండీ, ఆరింటికి బయటికొస్తుంది,” అని టక్కున చెప్పగలను.

రెండోది, పిల్ల పని నేర్చుకుంటుంది. తన బీరువాలో ఒక జత మేజోళ్లు దొరకవు గానీ, ఆ రాజ్యంలో ఏ వీధిలో ఏ బావి ఎండిందో, ఏ గిడ్డంగిలో ఎన్ని గోధుమ బస్తాలు ఎలుకల పాలయ్యాయో రాసి పెట్టుకుంటుంది. మా బాత్రూమ్ కుళాయి కారుతోందని మూడుసార్లు చెప్పాను. “చూద్దాం” అంది. ఆ రాజుగారి కోటలో కాలువ పూడుకుపోతే ఒక్క వారంలో మ్యాపుతో సహా బాగుచేయించింది.

మనుషులు మెరుగుపడతారు. మా టైలర్ సంగతే చూడండి. వీధి చివర కుక్క నిలబడితే చుట్టూ తిరిగి వచ్చే మనిషి. మా బల్ల దగ్గర గొడ్డలి పట్టిన యోధుడు! లిఫ్టు మెకానిక్ ఉన్నాడు, రోజంతా చీకటి గోతిలో ఒంటరిగా గ్రీజు పూసుకునే పని. ఇక్కడ మంత్రగాడు, నోరు తెరిస్తే వెన్నెల మీద కవిత్వం! పళ్ల డాక్టరు దొంగ వేషం వేస్తాడు. దాని మీద నేనేమీ అనను.

అన్నిటికన్నా గొప్ప లాభం నాకు జరిగింది. ముప్పై ఏళ్లుగా నేను ఈ ఇంట్లో చెబుతున్నదేమిటి? తలుపు చూసి తియ్యి, మెట్టు చూసి దిగు, తెలియనివాళ్లు ఇచ్చింది తాగకు. ఎవరైనా చెవిన పెట్టారా? ఈ ముగ్గురూ ఏ తలుపైనా ముందు కర్రతో పొడిచి చూసి గానీ తియ్యరు. మూత ఉన్న ఏ గిన్నె కనిపించినా మూడడుగుల దూరం నుంచి వంగి చూస్తారు. కళ్లు చెమర్చాయండీ నాకు! నా పెంపకం ఎక్కడో ఒకచోట పనికొచ్చిందని.

ఒకరోజు మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి, “అమ్మా, ఒక పాత తాళ్ల వంతెన దాటేటప్పుడు ఏమేం జరగొచ్చు?” అని అడిగింది. నన్ను! భయాన్ని అరువడగడానికి నా దగ్గరికి రావడం జీవితంలో అదే మొదటిసారి. స్టవ్ కట్టేసి, కూర్చుని, పదకొండు రకాలుగా చెప్పాను. అందులో ఎలుక తాడు కొరికేయడం దానికి నచ్చింది. ఆ ఆదివారం మా టైలర్ నదిలో పడ్డాడు. పాపం, నా వల్లే కదా అని ఆయన టీలో పంచదార రెండు చెంచాలు ఎక్కువ వేశాను.

ఇంకొకటి మరిచిపోయాను. గొంతులు! ఒక్క పిల్ల నోట్లోంచి యాభై గొంతులు వస్తాయి. రాజు, రాజుగారి వంటవాడు, ముక్కుతో మాట్లాడే మంత్రగత్తె, పన్ను కట్టించుకునే రాక్షసుడు. ఆదివారం మా ఇల్లు ఊరంత సందడిగా ఉంటుంది.

ఇక్కడ మీరొకటి అడుగుతారు. ఆదివారం సరే, మిగతా ఆరు రోజులో?

మిగతా ఆరు రోజులూ మా ఇంట్లో తండ్రికీ కూతురికీ మాటల్లేవు. నాలుగు నెలలైంది. యాభై గొంతుల్లో తండ్రితో మాట్లాడేది ఒక్కటీ లేదు. మధ్యలో నేనున్నాను, పోస్టాఫీసు.

“మోటారు ఆపమని నాన్నకి చెప్పమ్మా.”

నాన్న ఎక్కడున్నారు? రెండడుగుల్లో, మోటారు స్విచ్చి పక్కనే.

“ఆపానని చెప్పు దానికి,” అంటారు మావారు, స్విచ్చి ఆపుతూ.

“ఆపారటే.”

“విన్నాను.”

“విందటండీ.”

విన్నవాళ్లకి వినిపించింది చెప్పే ఉద్యోగం ఎంత కష్టమో పోస్టుమేన్లనడగండి. వాళ్లకి సెలవైనా ఉంటుంది. నాకిది గట్టిపడిపోతుందేమోనని భయం. తడి సిమెంటు మీద కాలు పెడితే గుర్తు పడుతుంది కదా, ఆరాక ఎంత తొక్కినా ఏమవుతుంది? రేపు నాకేమైనా అయితే వీళ్లిద్దరికీ ఎవరు అందిస్తారు? ఒకే ఇంట్లో ఉండి ఉత్తరాలు రాసుకుంటారా?

కారణం చెబుతాను. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీరు పేపరు చదివేవాళ్లు, నా ముఖం చూసేవాళ్లు కాదు కాబట్టి చెబుతున్నాను.

నాలుగు నెలల కింద మా అమ్మాయి షాపు నుంచి ఫోన్ చేసింది. సంతోషం గొంతు నిండా. “అమ్మా, వచ్చే ఆదివారం నుంచి నేనే గేమ్ మాస్టర్‌ని!” అంది. అంతే అంది. కస్టమర్ వచ్చాడని పెట్టేసింది.

నేను తొమ్మిదో తరగతిలో ఆపేసినదాన్ని. గేమ్ అంటే ఆట. మాస్టర్ అంటే మాస్టారు. ఇంత పెద్ద ఇంగ్లీషు మాట నాకు ముక్కముక్కా అర్థమయ్యేసరికి ఆనందం పట్టలేకపోయాను. మావారు ఇంటికొచ్చీ రాగానే, “ఏమండీ, అమ్మాయికి బళ్లో ఆటల మాస్టారు ఉద్యోగం వచ్చిందట, అదే చెప్పింది!” అన్నాను. బడి అని అది అనలేదు. ఉద్యోగం అని కూడా అనలేదు. ఆటల మాస్టారుకి బడి ఉండాలి కదా అని నేనే కట్టేశాను.

మావారు బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు లేటో రాసుకునే మనిషి, నవ్వడం తక్కువ. అలాంటి మనిషి మర్నాడు డిపోలో అరవై మందికి చాక్లెట్లు పంచారు. డ్రైవర్లకి, కండక్టర్లకి, టైర్లకి గాలి కొట్టేవాళ్లకి కూడా. మేనేజరు చెయ్యి కలిపి, మా మనవడికి ఆ బళ్లో సీటు ఇప్పించండి అన్నాడట. ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని, “ఏ బడమ్మా?” అని అడిగారు.

“బడేమిటి నాన్నా?”

“నువ్వు మాస్టారుగా చేరిన బడి.”

అది పకపకా నవ్వింది. అక్కడ నవ్వకుండా ఉండాల్సింది. “బడి కాదు నాన్నా, బల్ల మీద ఆడే ఆట. రాక్షసులూ, కోటలూ…”

“రాక్షసులా? నేను డిపో అంతా చాక్లెట్లు పంచింది రాక్షసులకా?” అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, అదింకా ప్రమాదం, “మీ అమ్మకి బడి అని ఎందుకు చెప్పావు? నలుగురిలో నన్ను నవ్వులపాలు చెయ్యడానికా?”

పిల్ల నా వైపు తిరిగింది. “నేను బడి అన్నానా అమ్మా?”

నేనేమన్నానో తెలుసా? “కూర మాడుతున్నట్టుంది,” అని వంటింట్లోకి వెళ్లిపోయాను.

స్టవ్ మీద ఏమీ లేదు.

అప్పట్నుంచి ఆయనకి కూతురు అబద్ధాలకోరు. దానికి తండ్రి పరువు తప్ప ఏమీ పట్టనివాడు. నేను మాత్రం ఇద్దరికీ మంచిదాన్ని. ఎంత హాయి!

అందుకే అంటున్నాను, గేమ్ మాస్టర్ ఉండాలని. మొన్న ఆదివారం ఏం జరిగిందో వినండి.

వీళ్ల ముగ్గురి దండూ ఒక కోట గేటు దగ్గరికి చేరింది. నేను టీ ట్రే పట్టుకుని వచ్చాను. తెర అవతల ముందు గదిలో మావారు పేపరు పట్టుకుని కూర్చున్నారు. ప్రతి ఆదివారం రెండింటికి తెరిచిన పేజీ ఆరింటి దాకా అదే పేజీ.

మా అమ్మాయి గొంతు సవరించుకుంది. ఇంకో గొంతు వచ్చింది. గేటు కాపలావాడిది.

“టైమైపోయింది. గేటు మూసేశాం. రేపు రండి.”

ఆ గొంతు మావారిది! ఆ సాగదీత, ఆ మధ్యలో దగ్గు, అన్నీ. తెర అవతల పేపరు ఒక్కసారి గలగలమంది.

“నేను గొడ్డలెత్తుతా,” అన్నాడు టైలరు. పాచిక వేస్తే మూడు పడింది. గొడ్డలి కర్ర విరిగిపోయింది. పళ్ల డాక్టరు తాళం కెలికాడు. రెండు. ఇక లిఫ్టు మెకానిక్ తీయగా, “బాబాయ్, మేం మంచివాళ్లం, కాస్త దారివ్వవా?” అన్నాడు.

“మా ఇంట్లోవాళ్లూ మంచివాళ్లే,” అన్నాడు కాపలావాడు. “నమ్మి నలుగురికీ చెప్పుకున్నా. నలుగురూ నవ్వారు. ఇక ఎవరికీ గేటు తియ్యను.”

పళ్ల డాక్టరు కళ్ల పరీక్ష అట్ట కింది వరస చదవడం మొదలుపెట్టాడు.

“ఆంటీ, మా పని అయిపోయింది. మీరైనా ఒక మాట చెప్పండి,” అన్నాడు టైలరు.

మా అమ్మాయి అట్ట మీంచి నన్ను చూసింది. “నువ్వేం చేస్తావమ్మా?”

యాభై మూడేళ్లలో నన్నెవరూ ఆ మాట అడగలేదండీ. ‘ఏం చేశావు’ అని రోజూ అడుగుతారు, కూర గురించి. ‘ఏం చేస్తావు’ అని అడిగినవాళ్లు లేరు.

చెబితే ఏమేం జరగొచ్చో పదకొండు రకాలుగా తట్టింది. ఆయన లేచి వెళ్లిపోవచ్చు. పిల్ల ఏడవొచ్చు. ఇద్దరూ కలిసిపోయి నాతో మాట్లాడ్డం మానెయ్యొచ్చు. చెప్పకపోతే ఏం జరుగుతుందో ఒక్కటే తట్టింది, ఆ సిమెంటు ఆరిపోతుంది. ట్రే బల్ల మీద పెట్టాను.

“నేను… ఆ కాపలావాడి దగ్గరికి వెళ్తాను. వెళ్లి, ఏమండీ, బడి అన్న మాట పిల్లది కాదు, నాదండీ అంటాను. అది ఆట అనే చెప్పింది. బడి నేను కట్టాను. ఉద్యోగం నేనిచ్చాను. అడిగినప్పుడు కూర మాడుతోందని పారిపోయాను. దాని మీద కోపం పెట్టుకోకండి అంటాను.”

“దీనికి పాచిక వెయ్యాలా?” అన్నాడు పళ్ల డాక్టరు నెమ్మదిగా.

“అక్కర్లేదు,” అంది మా అమ్మాయి. తర్వాత తెర వైపు తిరిగి, రాజుది కాదు, మంత్రగత్తెది కాదు, తన సొంత గొంతుతో అడిగింది.

“నాన్నా. కాపలావాడు ఏమంటాడు?”



టీ మీద మీగడ కట్టింది. టైలరు విరిగిన గొడ్డలి కర్ర చేతిలో నిజంగానే ఉన్నట్టు కూర్చున్నాడు. నేను అనుకోవాల్సినవన్నీ అనుకున్నాను. ఆయనకి గుండె పట్టేసిందేమో. పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయారేమో. చదువుకున్నవాళ్లు పిల్లలకి ఇలాంటి ఆటలు మంచివా చెడ్డవా అని వాదించుకుంటుంటారట. పిల్లల సంగతి నాకు తెలియదు. ఒక పెద్దమనిషి, ఇంటి ఇల్లాలు, “తప్పు నాది” అన్న రెండు ముక్కలు అనడానికి నాలుగు నెలలు, ఒక కోట, ముగ్గురు పరాయివాళ్లు కావాల్సొచ్చాయి. అలాంటి ఇల్లాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారో లెక్క తీసి, తలా ఒక గేమ్ మాస్టర్‌ని ఇవ్వాలి. నా డిమాండు ఇదే.

తెర అవతల పేపరు మడిచిన చప్పుడైంది. ఒక దగ్గు. ఈసారి అసలుది.

“ఏమంటాడూ… గేటు తీస్తాడు,” అన్నారు మావారు. “కానీ రేపు డిపోలో వాళ్లడిగితే నువ్వేం చేస్తున్నావని చెప్పాలో, అది ముందు నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా.”