కార్డులో ఇంటి పెద్ద

రాయితీ ఇంటర్నెట్ మంజూరైన ఇంట్లో రేషన్ కార్డు ఎవరి పేరిట ఉంటే వాళ్లు సిగ్నల్ స్తంభంగా మారాలన్న నిబంధన ప్రకారం పలాసలో తొలివిడతగా నూట పన్నెండు మంది మారారు. వారిలో నూట పదకొండు మంది ఆడవాళ్లే. ఇందులో కుట్రేమీ లేదు. ఏదో పథకం వస్తుందని అంతకుముందే జనం కార్డులన్నీ ఆడవాళ్ల పేరిట రాయించుకున్నారు. ఏ కూర వండాలో కూడా తన ఇష్టం కాని మనిషి కార్డులో మాత్రం ఇంటి పెద్ద అయింది.

జీడిపిక్కలు కొట్టే దాలమ్మ ఒక మంగళవారం డాబా ఎక్కింది. ఆమె కూతురు రోహిణి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. పాఠాలూ పరీక్షలూ ఆన్‌లైన్లోనే. చదువు ఆగితే పిల్లకీ జీడి ఫ్యాక్టరీయే గతి, దాలమ్మ భయమంతా అదే. లైన్‌మన్ ఆమె కుడిచెయ్యి పైకెత్తించి, కాస్త ఈశాన్యానికి తిప్పి, రసీదు ఇచ్చి వెళ్లాడు. నాలుగో రోజుకి మోకాళ్ల దాకా ఇనుమైంది. పథకం కరపత్రంలో మోకాళ్లకి రాసిన గడువు కూడా నాలుగు రోజులే.

"చెయ్యి లాగేస్తంది, ఒక్క నిముషం దించుతానే," అంది దాలమ్మ.

"ఒద్దమ్మా, పరీక్ష అవుతంది, కదలకు!" కింద నుంచి అరిచింది రోహిణి.

దాలమ్మ కదల్లేదు. రోహిణికి మంచి మార్కులొచ్చాయి. వీధి మొత్తానికీ తమ ఇంట్లోనే స్పీడెక్కువని దాలమ్మ భర్త కుర్మారావు అందరికీ చెప్పుకున్నాడు. పాతికేళ్లలో భార్య గురించి అతను గొప్పగా మాట్లాడడం అదే మొదలు, పాపం.

ఆర్నెల్లకి దాలమ్మ నిలువెల్లా ఇనుమైంది. రాయితీ పొడిగించడానికి ఉద్యోగి ఒకాయన వేలిముద్ర యంత్రంతో వచ్చాడు. డాబా మీద స్టూలెక్కి దాలమ్మ బొటనవేలికి యంత్రం ఆనించాడు. మూడుసార్లూ ముద్ర పడలేదు. కాగితంలో 'ఇంటి పెద్ద లేరు' అని రాసుకున్నాడు.

"లేదంటావేటి బాబూ? ఎదురుగా నిలబడుంది కదా," అన్నాడు కుర్మారావు.

"నిలబడింది స్తంభమండీ. కార్డులో తర్వాత ఆడవాళ్లెవరు?"

కుర్మారావు ఊపిరి పీల్చుకుని కూతురి పేరు చెప్పాడు.

దాలమ్మ ఒంట్లో ఉన్న సత్తువంతా కూడదీసుకుని వద్దని అరిచింది. కింద రోహిణి ఫోన్‌లో సిగ్నల్ నిండుగా వచ్చింది. ఆఖరి పరీక్ష జవాబులు ఒక్క క్షణంలో వెళ్లిపోయాయి. పైన తన పేరు చెప్పడం విన్న రోహిణి సంతోషంగా డాబా ఎక్కి, ఫోన్ తండ్రికిచ్చి, తల్లి పక్కన నిలబడింది.

"ఏ చెయ్యెత్తమంటారు సార్?" అని అడిగింది.