ఉత్తుత్తి పెడళ్ళు

కొలరాడో కొండల్లో శనివారం తెల్లవారితే ఇర్మా సైకిలెక్కి, స్నేహబృందంతో పైనున్న పచ్చికబయలుకు వెళ్ళిపోయేది. మోకాలికి ఆపరేషనైన భర్త వెండెల్ ఏడాదిగా కిటికీ దగ్గర కూర్చుని ఆమెను సాగనంపుతున్నాడు. పెళ్ళయిన నాటినుంచీ పక్కపక్కనే తొక్కిన మనిషికి అంతకుమించిన శిక్ష ఏముంటుంది! ఇక ఉండబట్టలేక, ఈ శనివారం తానూ వెళ్ళాలని గుట్టుగా ఒక కరెంటు సైకిలు కొనేశాడు.

ఇంటికొచ్చాక చూస్తే దానికి పెడళ్ళే లేవు. పాదాలు ఆనించుకోవడానికి కమ్మీలు, చేతికింద యాక్సిలరేటరు, అంతే. అది అచ్చంగా మోటారు సైకిలు. కొండదారిలో తొక్కే కరెంటు సైకిళ్ళను రానిస్తారు గానీ, మోటారు సైకిళ్ళను రానివ్వరు. వెండెల్ బుర్ర గోక్కుని, పాత సైకిలు పెడళ్ళు ఊడదీసి దీనికి బిగించాడు. అవి చక్రాన్ని తిప్పవు, ఊరికే తిరుగుతాయి.

శనివారం ఇర్మా సంబరానికి అంతులేదు. ఎత్తు మొదలయ్యేసరికి అందరూ రొప్పుతుంటే వెండెల్ మాత్రం దూసుకుపోయాడు. అనుమానం రాకూడదని కాళ్ళు జోరుగా ఆడించాడు. అది చూసి ఇద్దరు యువకులు పందెమనుకుని వెంటపడ్డారు. పరువు అడ్డొచ్చి వెండెల్ యాక్సిలరేటరు ఇంకాస్త మెలితిప్పాడు. సగం దారిలో బ్యాటరీ కాస్తా అయిపోయింది.

ఇర్మా వచ్చేసరికి అతను గబగబా తొక్కుతున్నాడు, బండి మాత్రం కదలడం లేదు.

"ఏమండీ, ఆ పెడళ్ళు దేనికి?"

"కాళ్ళకి," అన్నాడు వెండెల్ నీరసంగా.

అంతలో కింది మలుపులో, ఆ కొండదారికి కాపలా కాసే రేంజరు మార్లా టోపీ కనబడింది. కిందికి దిగితే దొరికిపోతాడు గనక, వెండెల్ దున్నపోతంత బరువున్న బండిని పైకే తోసుకుంటూ పరుగులాంటి నడక అందుకున్నాడు. మార్లా అతన్ని పచ్చికబయల్లో గానీ పట్టుకోలేకపోయింది.

"ఇది మోటారు సైకిలు కదా సార్, పైకెలా తెచ్చారు?" అంది వగరుస్తూ.

"సగం దారి ఈయనే తోసుకొచ్చారమ్మా," అంది ఇర్మా. అని, మాట ఆపేసి భర్త మోకాలికేసి చూసింది. "ఏడాదిగా నడవమంటే మెట్లు కూడా దిగలేనన్నారు కదండీ!"

వెండెల్ కాలు ముడిచి చాపాడు. నొప్పి లేదు. ఇన్నాళ్ళూ తనను కుర్చీలో కూర్చోబెట్టింది మోకాలు కాదని, భయమని తెలిసొచ్చింది. సిగ్గు, సంతోషం రెండూ ఒక్కసారే కమ్ముకున్నాయి. ఇర్మా కళ్ళు తుడుచుకుంది, ఇక సైకిలు సంగతి తర్వాత, రోజూ ఇద్దరం నడుద్దామంది.

మార్లా హెచ్చరిక చీటీ తీసి, వాహనం ఏ రకమో రాయాల్సిన చోట కాసేపు ఆలోచించి, తోపుడు బండి అని రాసింది.