పన్నెండు ఫ్లాట్లకు ఒకటే తీగ

గురువారం పొద్దున రామబ్రహ్మం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, కేబుల్ ఆఫీసుకు వెళ్ళి, నెట్టు గురించి నాలుగు మాటలు అడిగి, వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ తేవడం. అందులో పెరుగు ప్యాకెట్ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

మాస్టారు వీరులపాడు హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నందిగామలో వేదాద్రి నిలయం అనే అపార్టుమెంటులో రెండో అంతస్తు, రెండొందల రెండో నంబరు ఆయనది. బిల్డింగు మొత్తానికి ఉన్నవి పన్నెండు ఫ్లాట్లు. అసోసియేషన్ ప్రెసిడెంటు కూడా ఆయనే. ఎన్నుకునే రోజున మిగతా పదకొండు ఇళ్ళవాళ్ళకూ ఏదో ఒక పని పడింది, ఆయన ఒక్కరే ఖాళీగా దొరికారు.

నెట్టు సంగతి ఎత్తింది కోడలు మహతి. ఆమె హైదరాబాదులోని ఒక బీమా కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తుంది. కొడుకు భార్గవ జగ్గయ్యపేటలో కాలేజీ లెక్చరర్, రోజూ బస్సులో వెళ్ళొస్తాడు. పెళ్ళై ఇంకా ఏడాదిన్నర కాలేదు.

"మామయ్యగారూ, సోమవారం పదకొండింటికి మా పెద్ద మేడమ్‌తో వీడియో మీటింగ్ అండి. పోయిన వారం మూడుసార్లు మధ్యలో ఆగిపోయింది. ఈసారి గనక ఆగితే ఒకటో తారీకు నుంచి హైదరాబాద్ ఆఫీసుకొచ్చి కూర్చోమన్నారు," అంది మహతి.

కోడలు అక్కడ, కొడుకు ఇక్కడ అన్నమాట.

"నువ్వు నిశ్చింతగా ఉండమ్మా. మనమేమైనా ఊరికే వాడుకుంటన్నామా? నెలనెలా కడతన్నాం. నేను చూసుకుంటా," అన్నారు.

అదే సమయానికి ఆయన భార్య ప్రసూనాంబ వంటింట్లో ఒక స్టీలు గిన్నె తుడుస్తూ విసుక్కుంటోంది. కింది ఇంటి జయమణి దోసకాయ పచ్చడి పెట్టి పంపిన గిన్నె అది.

"ఇంట్లో ఒక్క అరటిపండు లేదు, కాస్త పిండివంట లేదు. ఖాళీ గిన్నె ఎట్టా తిరిగిచ్చేదండీ? అప్రదిష్ట కాదూ?"

"ఇంత పంచదార వేసి పంపు," అని మాస్టారు చెప్పులేసుకున్నారు.

బిల్డింగుకు నెట్టు ఇచ్చేది భవానీప్రసాద్. వేరే కంపెనీ తీగ బిల్డింగులోకి రాకూడదు. కట్టిన కొత్తలో అతను గేటు దగ్గర కెమెరాలు ఉచితంగా పెట్టాడు, అందుకు బదులుగా ఐదేళ్ళపాటు తన నెట్టే ఉండాలని అసోసియేషన్ చేత కాగితం రాయించుకున్నాడు. నెలకు ఎనిమిదొందల యాభై. ఎదురు బిల్డింగులో మూడు కంపెనీలు పోటీపడి నాలుగొందల యాభైకే ఇస్తున్నాయి. పైగా మెట్ల దగ్గర నిలబడి మరీ బతిమాలుతున్నాయి.

"లైను భేషుగ్గా ఉంది మాస్టారూ. మీ ఇంట్లోనే వాడకం ఎక్కువ. పెళ్ళివారిల్లు కూడా అంత వాడదండి," అన్నాడు భవానీప్రసాద్.

"మా ఇంట్లో ఉన్నది నలుగురం. మా ఆవిడ ఫోన్‌లో చూసేది పంచాంగం ఒక్కటే. అది సరే, ఎదురు బిల్డింగులో సగం ధరకి ఎట్టా ఇస్తన్నారు?"

"వాళ్ళకి గిట్టుద్దండి. మీ బిల్డింగులో నాకు గిట్టట్లేదు."

మాస్టారికి ఒళ్ళు మండింది. బిల్డింగు మొత్తాన్నీ గుప్పిట్లో పెట్టుకున్నవాడు గిట్టట్లేదంటాడా! భవానీప్రసాద్ ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయాడు గానీ ఆయన వినలేదు. ముప్పై మూడేళ్ళుగా ఆయన చెప్పడమూ ఎదుటివాళ్ళు వినడమే జరిగాయి కాబట్టి, వినడం ఆయనకు అంతగా అలవాటు లేదు.

అక్కడి నుంచే జగ్గయ్యపేటలో కొత్తగా పెట్టిన ఒక నెట్టు కంపెనీకి ఫోన్ చేశారు. సోమవారం పొద్దున మనిషిని పంపిస్తామన్నారు వాళ్ళు.

ఆదివారం సాయంత్రం మేడ మీద మీటింగు. మామూలుగా అసోసియేషన్ మీటింగుకు హాజరయ్యేవి మాస్టారు, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ రోజు మాత్రం కుర్చీలు చాల్లేదు.

"అదీ ఒక నెట్టేనా మాస్టారూ?" అన్నాడు డేవిడ్‌రాజు. మండలాఫీసులో పనిచేస్తాడు, ఉండేది మూడో అంతస్తు. "ఆఖరి ఓవర్లో బౌలర్ పరిగెడతా పరిగెడతా ఆగిపోయాడండి. వాడు బాల్ వేసేలోగా ఎదురు బిల్డింగోళ్ళు గెలిచామని టపాసులు కూడా కాల్చేసారు."

"మా సీరియల్లో పెళ్ళికూతురు పావుగంట తలొంచుకునే ఉంది. పాపం సిగ్గనుకున్నా," అంది జయమణి.

"ఇంటికి ఎనిమిదొందల యాభై గుంజుతా ఇదేం అన్యాయం?" అని గర్జించారు మాస్టారు.

"అన్యాయమే," అన్నారందరూ. డబ్బు మాట దగ్గరికి వచ్చేసరికి గొంతులు కాస్త తగ్గాయి గానీ మాస్టారు గమనించలేదు.

ఒప్పందం రద్దు చెయ్యకపోతే పన్నెండు ఇళ్ళవాళ్ళమూ ఒకేసారి కనెక్షన్లు తీసేయిస్తామని కాగితం రాశారు. ఒక్కరు కూడా వెనకాడలేదు. చదవకుండానే సంతకాలు చేశారు. తన కోడలి కోసం ఇంతమంది ఇంత త్యాగానికి సిద్ధపడ్డారని మాస్టారి కళ్ళు చెమర్చాయి.

సోమవారం తొమ్మిదింటికి కొత్త కంపెనీ తరఫున కల్యాణ్ అనే మనిషి తీగచుట్టతో, సంచితో దిగాడు. ఫోన్‌లో ఛార్జింగు లేదని దాన్ని మాస్టారి హాల్లో పెట్టి మేడ మీదకు వెళ్ళి, ఐదు నిమిషాల్లో దిగొచ్చాడు.

"మీ ఇంటికొచ్చే పైపులో రెండు తీగలు పట్టవు సార్. పాతది కోసి, దానికే కొత్తది కట్టి లాగుతా. గంట పని. పదిన్నరకల్లా మేడమ్ కూర్చోవచ్చు."

"కానివ్వు నాయనా," అన్నారు మాస్టారు. సంతకాల కాగితం చొక్కా జేబులో మడిచి పెట్టుకుని, భవానీప్రసాద్ చేతికి స్వయంగా ఇచ్చి రావడానికి బయల్దేరారు. ఇలాంటి కాగితాలు ఇచ్చేటప్పుడు ఎదుటివాడి మొహం చూడాలని ఆయన కోరిక.

తొమ్మిదిన్నరకు కల్యాణ్ మళ్ళీ మేడెక్కి రెండొందల రెండో నంబరు తీగ కోశాడు. ఆ క్షణంలోనే బిల్డింగు మొత్తానికి నెట్టు పోయింది.

జ్వరమని సెలవు పెట్టి క్రికెట్ చూస్తున్న డేవిడ్‌రాజు వరండాలోకి పరిగెత్తాడు. కింది నుంచి జయమణి ఆయాసపడుతూ ఎక్కొచ్చింది.

"మీకూ పోయిందా?"

"పోయింది! మీకూ పోయిందా?"

ఇంకో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. అందరికీ పోయింది. డేవిడ్‌రాజు మేడ తలుపు దగ్గరికి వెళ్ళి తొంగిచూస్తే, ముక్కూమొహం తెలియని మనిషొకడు కటింగ్ ప్లయరు పట్టుకుని, రెండో చేత్తో తెగిన తీగను పరీక్షగా చూసుకుంటున్నాడు.

"ఇది భవానీప్రసాద్ పనే! సంతకాలు పెట్టామని కక్షగట్టి మొత్తం బిల్డింగుకి కోయిస్తన్నాడు!" అని డేవిడ్‌రాజు తలుపు లాగి, గడియ పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "మనిషి దొరికాడు. పదండి, ఆఫీసులోనే తేల్చుకుందాం."

రెండు ఆటోలు నిండాయి. కేబుల్ ఆఫీసులో భవానీప్రసాద్ మాస్టారు ఇచ్చిన కాగితాన్ని మూడోసారి చదువుతున్నాడు. బెదిరిపోతాడనుకున్న మనిషి మొహంలో భయం లేదు, అయోమయం ఉంది. అంతలో జనం లోపలికొచ్చారు.

"మా నెట్టు కోయిస్తావా? ఎంత ధైర్యం నీకు!"

"నేనెవరి నెట్టూ కోయించలేదండీ బాబూ. ఇంతకీ మీ నెట్టంటే ఏదండీ?" అని భవానీప్రసాద్ కంప్యూటర్ తెర అందరివైపూ తిప్పాడు. "మీ బిల్డింగులో నాకున్న కనెక్షన్ ఒకే ఒక్కటి. రెండొందల రెండు, రామబ్రహ్మం మాస్టారు."

డేవిడ్‌రాజు గోడ మీది క్యాలెండర్‌లో తిథులు చదవడం మొదలుపెట్టాడు.

"మరి మీరందరూ సంతకాలు..." అన్నారు మాస్టారు.

"నేనొక్కదాన్నే అనుకున్నా మాస్టారూ. మిగతా అందరికీ సొంత కనెక్షన్లు ఉన్నాయిగా, నేనొక్కదాన్ని మీది వాడితే ఏమవుద్దిలే అనుకున్నా," అంది జయమణి.

"నేనూ అట్టాగే అనుకున్నా," అన్నాడు డేవిడ్‌రాజు క్యాలెండర్ వైపే చూస్తూ. వెనకనున్న వాళ్ళు కూడా అట్టాగే అనుకున్నారట.

"మీరు ఆ రోజు వినకుండా వెళ్ళిపోయారు మాస్టారూ," అన్నాడు భవానీప్రసాద్. "పన్నెండు ఇళ్ళొస్తాయని కెమెరాలు పెట్టా, పన్నెండు ఇళ్ళకి సరిపడా సామాను దింపా. వచ్చింది మీరొక్కరే. ఆ ఖర్చంతా ఒక్క ఇంటి మీద పడితే ఎనిమిదొందల యాభై కాక ఎంతవుద్దండీ? నెట్టు దూరానికి అందించే బూస్టర్ పెట్టెలు మాత్రం మీ బిల్డింగోళ్ళు తొమ్మిది కొన్నారు నా దగ్గర. మాస్టారింట్లో అన్ని గదులున్నాయా అనుకునేవాణ్ణి."

అప్పుడు మాస్టారి ఫోన్ మోగింది. ఆయనకు చెవి కొంచెం మందం కాబట్టి ఫోన్ ఎప్పుడూ గట్టిగానే పెట్టుకుంటారు. ప్రసూనాంబ గొంతు ఆఫీసంతా వినిపించింది.

"ఏవండీ, మేడ మీద ఆ అబ్బాయి తలుపు బాదేస్తన్నాడు. ఎవరో తాళం వేసారట. ఇక్కడ మహతి కళ్ళనీళ్ళు పెట్టుకుంటంది. మీరెక్కడున్నారు?"

"ప్రసూనా, మన నెట్టు పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"అయ్యో రామ! మీరు చెప్పొద్దన్నాక నేనెందుకు చెప్తానండీ? ఎవ్వరికీ చెప్పలా. రాసిచ్చా."

"రాసిచ్చావా?"

"గిన్నెల్లో పెట్టి పంపా. వాళ్ళేమో కూరలూ పచ్చళ్ళూ పంపుతారు. మీరేమో ఏం తెమ్మన్నా పెరుగు ప్యాకెట్ ఒక్కటే తెస్తారు. ఖాళీ గిన్నె ఎట్టా ఇస్తానండీ? పిల్లల చదువులకి పనికొస్తదిలే అని తలా ఒక చీటీ పెట్టా."

"మాకు క్రిస్మస్ కేకు డబ్బాలో వచ్చింది మాస్టారూ," అన్నాడు డేవిడ్‌రాజు నెమ్మదిగా.

ఇంకో రోజైతే మాస్టారు అక్కడున్న అందరినీ బెంచీలెక్కించేవారు. కానీ గోడ గడియారం పదింబావు చూపిస్తోంది. కోడలి ఉద్యోగం నిలబెట్టే తీగను దగ్గరుండి కోయించింది తనే.

"భవానీ, తప్పు నాదేనయ్యా," అన్నారు. "పదకొండింటికి మా కోడలు మీటింగు. అది ఆగిపోతే ఆ పిల్ల హైదరాబాద్ పోద్ది, మావాడు ఇక్కడ ఒంటరిగాడైపోతాడు. ఏదో ఒకటి చెయ్యి."

భవానీప్రసాద్ సంచి భుజాన వేసుకుని, "ముందు కారెక్కండి మాస్టారూ," అన్నాడు.

మేడ తలుపు తెరిచేసరికి కల్యాణ్ ఎండలో చెమటలు కక్కుతూ నీళ్ళట్యాంకు నీడలో కూర్చుని ఉన్నాడు. ఎవరు తాళం వేశారని అడిగాడు. డేవిడ్‌రాజు తనకు జ్వరమని చెప్పాడు.

"తిట్టుకోడానికి సాయంత్రం దాకా టైముంది తమ్ముడూ," అన్నాడు భవానీప్రసాద్. "కొత్తది లాగాలంటే గంట. పాతది అతకాలంటే పదిహేను నిమిషాలు. అతికే మిషన్ ఉందా నీ దగ్గర?"

మిషన్ కల్యాణ్‌ది, తీగ భవానీప్రసాద్‌ది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, ఒకరు పట్టుకుంటే ఒకరు అతికారు. పదీ యాభై రెండుకు మాస్టారి హాల్లో నెట్టు పెట్టె మీద పచ్చదీపం వెలిగింది.

మాస్టారు మెట్ల మీద నిలబడి పాత హైస్కూలు గొంతు బయటికి తీశారు. "మీటింగు అయ్యేదాకా ఎవరింట్లోనూ ఒక్క బూస్టర్ వెలగడానికి వీల్లేదు! ఫోన్లన్నీ ఇటు పెట్టండి!"

ప్రసూనాంబ పులిహోర కలిపే బేసిన్ తెచ్చి గుమ్మంలో పెట్టింది. పదిహేడు ఫోన్లు అందులో పడ్డాయి. జనమంతా వరండాలో కింద కూర్చున్నారు. జయమణికి దగ్గొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నలభై నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంది.

"ఒక్కసారి కూడా ఆగలేదు మామయ్యగారూ!" అంది మహతి. "హైదరాబాద్‌లో మా మేడమ్ ఇంట్లో కూడా నెట్టు ఇంత బాగుండదట. నువ్వక్కడే ఉండి పనిచెయ్యమ్మా అన్నారు."

ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతోంది. మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. ప్రసూనాంబ కోడలిని దగ్గరికి తీసుకుని, "ముందు కాస్త అన్నం తిందువు రా," అంది.

ఆ మధ్యాహ్నమే భవానీప్రసాద్ పాత ఒప్పందం కాగితాన్ని అందరి ముందూ చింపేశాడు. చింపుతున్నప్పుడు అతని మొహంలో కనిపించింది సంతోషమే. ఇకమీదట ఎవరికి ఇష్టమైన కంపెనీ వాళ్ళు పెట్టించుకోవచ్చు. కల్యాణ్ నెలకు నాలుగొందల యాభై అన్నాడు, భవానీప్రసాద్ నాలుగొందలు అన్నాడు, కల్యాణ్ మూడొందల తొంభై తొమ్మిదికి దిగాడు. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఇద్దరి కార్డులూ మర్యాదగా తీసుకుని, ఇంట్లో ఆలోచించుకుని చెప్తామన్నారు.

సాయంత్రం మాస్టారు పాస్‌వర్డ్ మార్చేశారు. ఇంట్లో నలుగురికి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని, రాసి కూడా ఇవ్వకూడదని ప్రసూనాంబ చేత ఒట్టు వేయించుకున్నారు.

మర్నాడు పొద్దున ఆయన పాల ప్యాకెట్ కోసం తలుపు తీసేసరికి, గుమ్మం ముందు మూతలు పెట్టిన గిన్నెలు పదకొండు ఉన్నాయి.