ఖాదర్ నర్సరీ ముందు చెప్పుల గుట్ట

హలో… వినబడుతోందాండీ? సిగ్నలు సరిగ్గా లేకపోతే కాస్త కిటికీ దగ్గరికి రండి. టీలు అయ్యాయా? అయితే మా ఎండాడ ఖాదర్ సంగతి ఒకటి చెబుతాను. ఫోను పెట్టేయకండేం, చిన్నదే.

ఆ సోమవారం పొద్దున్న ఖాదర్ పెట్టుకున్నది ఒకే ఒక్క పని. కొండ మీద అడవి పెంచేవాళ్ళు అడిగిన రెండు వేల వేప, కానుగ, నేరేడు మొక్కలకు నీళ్ళు పెట్టి, లారీకి సిద్ధం చేయడం. రోజూలాగే పాతపోస్టాఫీసు దగ్గర బస్సెక్కి వచ్చాడు. నర్సరీ తాళం తీసి, ముందుగా సంపెంగ చెట్టు దగ్గరికి వెళ్ళి కాండం మీద అరచేయి ఆనించాడు.

అది వాళ్ళ నాన్న, అబ్బాజాన్, నాటిన చెట్టు. నలభై ఏళ్ళ కిందట దాన్ని జానెడు మొక్కగా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడాయన. కండక్టరు మొక్కకు కూడా టికెట్టు కొట్టాడని పోయేదాకా నవ్వుతూ చెప్పేవాడు. ఆ రోజు పక్క సీట్లో కూర్చున్నది పన్నెండేళ్ళ ఖాదర్. అందుకే ఇప్పటికీ సంపెంగ పూసిందంటే చాలు, ఖాదర్ ముక్కుకు పూలవాసనతో పాటు ఆ బస్సు డీజిలు వాసన కూడా తగులుతుంది.

ఎనిమిది గంటలకు హేమశ్రీ వచ్చింది. మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేసే అమ్మాయి, ఊరు ఎలమంచిలి. కాళ్ళకు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు.

"ఖాదర్ గారూ, కొత్తగా ఒక వేరుకుళ్ళు తెగులు తిరుగుతోందండీ. బయటి దేశం నుంచి కుండీల మట్టిలో వచ్చింది. పైన ఆకు పచ్చగానే ఉంటుంది, కింద వేరు నల్లబడిపోతుంది. ఇక్కణ్ణుంచి ఒక్క మొక్క అలా కొండెక్కిందంటే అడవంతా పోతుంది."

"మరి మందేటమ్మా దానికి?"

"మందు లేదు. రాకుండా చూసుకోవడమే. చెప్పుల అడుగున మట్టిలో వస్తుంది."

ఆమె గేటు దగ్గర ఒక వెడల్పాటి రేకు ట్రే పెట్టించింది. అందులో గోనెపట్టా పరిచి, పర్మాంగనేటు కలిపిన ఊదారంగు నీళ్ళు పోయించింది. "వచ్చినవాళ్ళందరూ చెప్పులతో సహా ఇందులో నిలబడి లోపలికి రావాలి. శుక్రవారం పరీక్షకు మట్టి తీస్తాను. తెగులు కనబడితే మొక్కలన్నీ కాల్చేయాలి. ఆ సంపెంగ కూడా."

"సెట్టేటి సేసిందమ్మా?"

"దాని వేళ్ళూ ఈ మట్టిలోనే ఉన్నాయి కదండీ."

ఖాదర్ గేటు దగ్గర స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు.

మొదటి బేరం ఆదిలక్ష్మమ్మ, వెనక వీధి పెద్దావిడ. ట్రే చూడగానే చెప్పులు బయట విడిచి, చీర కుచ్చిళ్ళు పైకెత్తి, నీళ్ళలో దిగి కాళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంది.

"అమ్మా, సెప్పులేసుకుని దిగాల!"

"సెప్పులేసుకుని నీల్లల్లోకా? మతి గానీ పోనాదేటి ఖాదరూ? మొన్న కొన్న తోలు సెప్పులివి."

"మందు సెప్పులకమ్మా, కాల్లకి కాదు."

"సెప్పులకి రోగాలుంటాయేటి? పక్కకి తప్పుకో!"

తర్వాత వచ్చినవాళ్ళందరిదీ అదే వరస. ఖాదర్ నోరు తెరిచేలోపే చెప్పులు విప్పేసేవారు. నర్సరీలో రోజూ బోర్లించిన కుండీ మీద కూర్చుని టీ తాగే సన్యాసిరాజు, స్టీలు ప్లాంటులో రిటైరైనవాడు, తీర్పు చెప్పేశాడు.

"గుమ్మంలో నీల్లు కనబడితే సెప్పులిప్పుతాం బావా. పుట్టిన కాడ్నించీ అదే అలవాటు. ఇయాల నువ్వు మానమంటే మానేత్తారేటి?"

ఖాదర్‌కు రోషం వచ్చింది. మనుషులు ముంచకపోతే తనే ముంచుదామని, ఒక కర్రతో బయటున్న పాదరక్షలు ఒక్కొక్కటే ఎత్తి ట్రేలో వేయబోయాడు. ముందు చిక్కినవి సన్యాసిరాజువే. తెల్లగా దిగిన గుడ్డ బూట్లు ఊదాగా తేలి, ఎండలో ఆరేసరికి బెల్లం రంగుకు తిరిగాయి.

"ఓరి నీ దుంప తెగ! రిటైర్మెంటు నాడు మావోళ్ళు పెట్టిన బూట్లు బావా అయ్యి!"

ఆ కర్ర మళ్ళీ లేవలేదు.

బుధవారం ఆదిలక్ష్మమ్మ మళ్ళీ వచ్చింది. వెనకాల నలుగురు ఆడవాళ్ళు.

"ఏ మొక్క కావాలమ్మా?" అన్నాడు ఖాదర్.

"మొక్కలొద్దు. వానలు మొదలైన కాడ్నించీ కాలేళ్ళ సందుల్లో ఒకటే దురద నాకు. నీ నీల్లల్లో దిగినాక లేదు. ఈల్లకీ అదే. దిగండే, సిగ్గేటి?"

గురువారానికి గేటు ముందు చెప్పులు గుట్టయ్యాయి. రుషికొండ వైపు పోయే ఆటోలు ఆ గుట్టను చూసి ఆగడం మొదలెట్టాయి. ఇన్ని చెప్పులున్నాయంటే లోపల ఎవరో పెద్దాయనే ఉండుంటాడని దిగినవాళ్ళూ చెప్పులు విప్పారు. నీళ్ళలో కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి, పెద్దాయన ఎవరూ కనబడక, ఉన్నవాటిలో పెద్దదైన సంపెంగ చెట్టుకు దండం పెట్టారు. ఒకావిడ కొమ్మకు పసుపు దారం కట్టింది. ఇంకొకాయన రాలిన ఆకును కళ్ళకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

"అది వట్టి సెట్టే బాబూ! మా నాయిన నాటింది!" అని ఖాదర్ మొత్తుకున్నాడు.

"సూసినావా, ఈల్ల నాయిన నాటినాడంట," అని ఆ జేబు ఆయన పక్కవాడితో మరింత భక్తిగా అన్నాడు.

సన్యాసిరాజు ఊరుకునే రకం కాదు. అట్టముక్కలు కత్తిరించి, అంకెలు వేసి, చెప్పులకు టోకెన్లు ఇవ్వడం మొదలెట్టాడు. "సింహాచలంలో ఇలాగే సేత్తారు బావా. లేకపోతే తగూలైపోతాయి."

ఆ సాయంత్రం ఇంట్లో భార్య షాహీనా చెంగుతో నవ్వు దాచుకుంటూ అడిగింది. "బస్సులో నా పక్కనావిడ కాళ్ళు బెల్లం రంగు. ఎదురాయనవీ అంతే. ఈ కాళ్ళన్నీ మీ సరుకేనా?"

ఖాదర్‌కు నవ్వు రాలేదు. నాలుగు రోజుల్లో మూడొందల మందికి పైగా వచ్చారు. మేడమ్ ముంచమన్నవి చెప్పులు. సన్యాసిరాజు బూట్లు తప్ప ఒక్క చెప్పూ మునగలేదు.

శుక్రవారం హేమశ్రీ వచ్చేసరికి గుంపు రోడ్డు దాకా ఉంది. ఇన్నాళ్ళూ పట్టుకున్న చదువుకున్న తెలుగు ఆమె నోట్లోంచి జారిపోయింది.

"ఏటండీ ఇది?"

"నాను సెప్పినాను మేడమ్," అన్నాడు ఖాదర్ తలవంచుకుని. "ఒక్కలూ సెప్పులు ముంచలేదు. తప్పు నాదే. మొక్కలకేటి సేసినా సెయ్యండి. సెట్టు జోలికి మాత్రం…"

ఆమె మడుల్లోంచి, చెట్టు మొదట్లోంచి, చివరికి గేటు బయట చెప్పుల గుట్ట కిందనుంచి చెంచాలతో మట్టి తీసింది. ఆ మట్టి నీళ్ళలో కలిపి గులాబీ రేకులు తేలేస్తుందట. తెగులుంటే మూడు రోజుల్లో రేకులు మాడిపోతాయట. అందాకా గేటు మూసేయమంది.

శని, ఆదివారాలు ఖాదర్ చెట్టు కింద కూర్చుని గడిపాడు. అదే రోడ్డులో ముందే పరీక్ష చేసిన రెండు నర్సరీల వైపు నుంచి పొగ లేస్తోంది. కళ్ళు మండుతుంటే మోటారు వైపు తిరిగాడు. దాని మీద వాన పడకుండా కప్పిన తుప్పు రేకు కనబడింది. ఒకప్పుడు అది గేటుకు వేలాడిన బోర్డు. అబ్బాజాన్ సున్నంతో తన చేత్తో రాసిన రెండు మాటలు: చెప్పులు బయట. గులాబీ అంట్ల కోసం వచ్చిన పోర్టు పెద్దాఫీసరు చేత కూడా బూట్లు విప్పించాడాయన. ఎందుకు అబ్బా అని ఖాదర్ అడిగితే, "ఎవురి తోటలో తిరిగొచ్చినారో మనకేటి తెలుసు?" అనేవాడు. పదేళ్ళ కిందట, రుషికొండ ఆఫీసుల పిల్లలు లేసులు విప్పలేక వెనక్కి పోతున్నారని ఖాదరే ఆ బోర్డు పీకేశాడు.

సోమవారం హేమశ్రీ రెండు సీసాలతో వచ్చింది. ఒకదాంట్లో రేకులు గోధుమరంగులో ముద్దయి ఉన్నాయి. అది చూసి ఖాదర్ మట్టిలోనే కూలబడ్డాడు.

"లేవండి, అది మీది కాదు," అంది ఆమె. "అది మీ గేటు బయట చెప్పుల గుట్ట కింద మట్టి. ఆ మట్టంతా గీకించి కాల్పిస్తాను. ఇదేమో మీ సంపెంగ కింద మట్టి."

రెండో సీసాలో రేకులు అప్పుడే కోసినట్టు ఎర్రగా తేలుతున్నాయి.

"మడులన్నీ కూడా శుభ్రంగా ఉన్నాయండీ. ఆ రెండు నర్సరీల్లోనూ ట్రేలు పెట్టాను. బూట్లు తడుస్తాయని అందరూ ట్రే మీంచి దూకేశారు. మీ దగ్గర మాత్రం తెగులు చెప్పులతో పాటు గేటు బయటే ఆగిపోయింది. ఈ పద్ధతి ఎవరు పెట్టారు? నేను రిపోర్టులో రాయాలి."

"టోకెన్లు నాయే," అన్నాడు సన్యాసిరాజు వెంటనే.

ఖాదర్ లేచి వెళ్ళి మోటారు మీది రేకు తీశాడు. లుంగీ అంచుతో తుప్పు తుడిచి, గేటుకు పాత మేకు మీదే తగిలించాడు. తర్వాత హేమశ్రీ కాళ్ళ వంక చూశాడు. వారమంతా ఆ గేటులోంచి బూట్లతో లోపలికి వచ్చింది ఆమె ఒక్కతే.

"మేడమ్…" అన్నాడు మొహమాటంగా, బోర్డు చూపిస్తూ.

హేమశ్రీ బోర్డు చదివింది. గేటు బయటికి వెళ్ళి, బోర్లించిన కుండీ మీద కూర్చుని, రబ్బరు బూట్లు లాగడం మొదలుపెట్టింది. సన్యాసిరాజు అట్టముక్క చేతికిచ్చాడు. "మూడొందల పద్నాలుగు. పారేసుకోకమ్మా."

బుధవారం లారీ కొండెక్కింది. సంపెంగ ఇంకా పూస్తూనే ఉంది. ఆ రోజు ట్రేలో దిగిన హేమశ్రీ కాళ్ళు మాత్రం బెల్లం రంగు వదల్లేదట.

ఉంటానండీ మరి. ఈ కథ మరో నలుగురికి అంటించండి. దీనికి ఊదా నీళ్ళు అక్కర్లేదు.