డై, ప్రైమరు, పౌడరు, బుల్లెట్

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, తల నెరిశాక పలక పట్టినదాన్ని. ఒత్తులు ఒక్కోసారి జారిపోతాయి, ఒక్క పేజీ నిండేసరికి పూట గడిచిపోతుంది. అయినా ఇంద్రకరణ్ రెడ్డి గారి సంగతి మా మెదక్‌లో నోటికొక రకంగా మారిపోతోంది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాయాలనిపించింది.

ఆ రోజు పొద్దున రెడ్డి గారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగాలి, బెంజమిన్ ఇంటికి వెళ్ళాలి, తూటా చేత్తో నింపడం ఎలాగో నేర్చుకోవాలి, అన్నం వేళకు తిరిగి రావాలి.

పాపన్నపేటలో పొలం, మెదక్‌లో ఇల్లు ఉన్న మనిషి ఆయన. భార్య పోయి చాలా ఏళ్ళయింది. కూతురు అంకిత తూప్రాన్‌లో కాపురం ఉంటోంది. ఇంట్లో ఉండేది ఆయన, వండిపెట్టే వజ్రమ్మ, బీరువాలో తండ్రి నాటి పెద్ద రివాల్వరు. అది ఒంటి చేత్తో ఎత్తితే మణికట్టు నొప్పి పుట్టేంత బరువు. దానికి లైసెన్సు ఉంది. ప్రతి ఆదివారం ఆయన దాన్ని పసిపిల్లకు నలుగు పెట్టినట్టు నూనె రాసి తుడిచేవారు. లేనివి తూటాలు మాత్రమే. ఆ సైజు తూటాలు ఎప్పుడో రావడం మానేశాయి. తండ్రి కాల్చి దాచిన ఏడు ఖాళీ తొడుగులు డబ్బాలో మిగిలాయి. వాటినే తుపాకుల వాళ్ళు కేసులు అంటారు.

కొత్తగా వచ్చిన ఎస్సై శశిధర్ లైసెన్సులన్నీ చూస్తూ ఆయన దగ్గర ఆగాడు. "గుండు లేని తుపాకి ఇంట్ల ఎందుకు పెద్దాయనా? నెలాఖరు లోపల గుండ్లన్న చూపెట్టుండ్రి, లేకుంటె తెచ్చి స్టేషన్ల పెట్టుండ్రి" అన్నాడు మర్యాదగానే. ఆ మాట విన్నప్పటి నుంచి రెడ్డి గారికి అన్నం సహించలేదు. తండ్రి చేతి వస్తువు అదొక్కటే మిగిలింది.

దారి చూపినవాడు బెంజమిన్. సైన్యంలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరై, చర్చి వెనక వీధిలో చెల్లెలు రెబెకాతో ఉంటున్నాడు. రెబెకా దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు. ఖాళీ తొడుగుల్ని చేత్తో మళ్ళీ నింపవచ్చని బెంజమిన్ చెప్పాడు. అయితే కలెక్టరు ఆఫీసు నుంచి పర్మిషన్ వచ్చేదాకా నేర్చుకోవడమే తప్ప తుపాకిమందు ముట్టేది లేదని కూడా చెప్పాడు. రెడ్డి గారు వెంటనే ఒప్పుకున్నారు. చట్టం దాటి గడ్డిపోచ కూడా పీకని మనిషి ఆయన.

ఆయనకు కాస్త చెవుడు. అందుకే ఫోను స్పీకరు మీద పెట్టి మాట్లాడతారు. ఆ పొద్దున బెంజమిన్ ఫోను చేసినప్పుడు, వంటింట్లో ఉల్లిగడ్డ తరుగుతున్న వజ్రమ్మకు ప్రతి మాటా వినిపించింది.

"ప్రెస్సు, డై, ప్రైమరు, పౌడరు, బుల్లెట్. గీ అయిదు గావాలె అన్నా" అంటున్నాడు బెంజమిన్.

"కేసులో?"

"ఆరు సాలు. ఎక్కువెందుకు, మనకు మనమే గద."

"మరి మీ చెల్లె ఒప్పుకుంటదా?"

"రెబెకాకు నేను జెప్త. జర మంచిగున్నప్పుడు అడగాలె. అప్పటిదాంక ఎవ్వరికి జెప్పకు."

రెబెకా ఒప్పుకోవలసింది పెద్ద విషయమేమీ కాదు. ఆ పనికి కదలని గట్టి బల్ల కావాలి. ఆ ఇంట్లో అలాంటిది రెబెకా కుట్టుమిషను బల్ల ఒక్కటే.

వజ్రమ్మకు బల్ల సంగతి తెలియదు. ఆమెకు తెలిసినవి వేరే. ప్రెస్సంటే ఇస్త్రీ. డై అంటే తల రంగు. పౌడరు మొహానికి, ప్రైమరు గోడకు, బుల్లెట్ ఎక్కి తిరగడానికి. ఆరు కేసులంటే బీరు, దావతుకు. ఆఖరున రెబెకమ్మ ఒప్పుకోవాలి. వజ్రమ్మ ఉల్లిగడ్డ వదిలేసి కళ్ళు తుడుచుకుంది. ఆ నీళ్ళు సగమే ఉల్లిగడ్డవి. తాను పటేలని పిలిచే రెడ్డి గారికి ఇన్నేళ్ళకు ఒక తోడు దొరుకుతోంది!

రెడ్డి గారు గేటు దాటగానే ఆమె కొంగు బిగించింది. తెల్ల బట్టలన్నీ ఇస్త్రీకి వేసింది. దుకాణంలో డై, పౌడరు తీసుకుంది. రంగుల దుకాణం ఎల్లం దగ్గరికి పోయి, "ఇయ్యాలనే ప్రైమరు కొట్టాలె, మనిషిని తోలియ్యి" అంది.

"ఏం వజ్రమ్మా, పటేల్ ఇంట్ల ఫంక్షనా?"

"నాకేం దెల్వదు. రెబెకమ్మ ఒప్పుకున్నంక జెప్త. నువ్వు ఎవ్వరికి జెప్పకు."

మెకానిక్ పరమేశ్‌తో కూడా అదే మాట అంది. అతని దగ్గర అమ్మకానికి పెట్టిన పాత బుల్లెట్ మోటారుసైకిలును ఇంటికి పంపమంది. ఎల్లం, పరమేశ్ ఇద్దరూ నమ్మకస్తులు. తమ ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ ఇంటివాళ్ళు కూడా అంతే నమ్మకస్తులు.

అక్కడ బెంజమిన్ ఇంట్లో పాఠం జరుగుతోంది. రెబెకా చర్చిలో ఆడవాళ్ళ మీటింగుకు వెళ్ళింది. బెంజమిన్ ఖాళీ తొడుగును వెలుగుకు పట్టి చూపించాడు. "గిది ఒక్కసారి పేలితే జర ఉబ్బుతది. డైల పెట్టి, ప్రెస్సుతోటి ఒత్తి, మల్ల అసలు కొలతకు తేవాలె. అడుగున నిప్పు పుట్టిచ్చే బిళ్ళ ప్రైమరు, పైన గుండు బుల్లెట్, నడుమ పౌడరు. పౌడరంటె మందు, దాని తూకం బంగారం తూకం కన్న గట్టి. కూరల ఉప్పెక్కువైతే నీళ్ళు పోస్తం. గిండ్ల మందెక్కువైతే చెయ్యి పట్టుకొని దవాఖానకు ఉరుకుతం."

రెడ్డి గారు ఒక్క మాట వదలకుండా విన్నారు. ప్రతి తొడుగునూ భూతద్దం కింద తిప్పి చూసి, సన్నటి పగులున్న ఒకదాన్ని పక్కన పెట్టారు. బెంజమిన్ కంటికే ఆ పగులు ఆనలేదు. ఆ వయసులో ఆ ఓపిక చూసి బెంజమిన్ లేచి సెల్యూట్ కొట్టాడు. సైన్యంలో కూడా అంత మనసుపెట్టి కొట్టి ఉండడు.

అన్నం వేళకు ఇంటికి వచ్చిన రెడ్డి గారికి ముందు గుమ్మంలో బుల్లెట్ కనిపించింది. తర్వాత నిచ్చెన మీద మనిషి, తర్వాత గిన్నెలో నల్లటి ముద్దతో వజ్రమ్మ.

"ఏందిది వజ్రా?"

"మీరు ఫోన్ల జెప్పినయే పటేలా. డై, ప్రైమరు, పౌడరు, బుల్లెట్. అన్ని అచ్చినయి."

ఆయన మొదట కంగారుపడ్డారు, తర్వాత కుదుటపడ్డారు. ఈమెకు తూటాల సంగతి అర్థం కాలేదు. అదే మేలు. ఇది కాదు ఆ డై అని చెబితే మరేం డై అని అడుగుతుంది. సాయంత్రానికి ఎస్సై చెవిన పడుతుంది, పర్మిషన్ రాకముందే రివాల్వరు పోతుంది. తండ్రి వస్తువు కోసం ఆయన ఏ త్యాగానికైనా సిద్ధమే. కుర్చీ లాక్కుని కూర్చుని తల వంచారు.

సాయంత్రం అంకిత తూప్రాన్ నుంచి ఊడిపడేసరికి, నల్లటి జుట్టుతో, తెల్లటి మొహంతో, కత్తిలాంటి ఇస్త్రీ బట్టల్లో తండ్రి వరండాలో కూర్చుని ఉన్నారు. విన్నది నిజమేనని ఆమెకు రూఢి అయింది.

"నాయినా, గీ వయసుల నీకు గిది అవసరమా?"

రెడ్డి గారు ఉలిక్కిపడ్డారు. తూటాల సంగతి బిడ్డకు తెలిసిపోయిందన్నమాట. "వయసుతోని ఏముంది బిడ్డా? చెయ్యి వణకకుంటే సాలు."

"అమ్మ ఉంటె ఏమనేది?"

"మీ అమ్మకు గీ ముచ్చటంటెనే భయం. అందుకే ఆమె ఉన్నన్ని దినాలు ఆ జోలికి పోలే."

"ఎన్ని దినాలసంది నడుస్తుంది?"

"ఇయ్యాలనే షురువైంది. బెంజమిన్ నేర్పుతుండు."

"గిది ఒకలు నేర్పేదా!"

"మరి నేర్వకుంట జేస్తె ఆగమైతది గద. ముందుగాల ఒక్కటి జేసి చూస్త. మంచిగొస్తె మల్ల ఆరు."

"ఆరా!" అంకిత తూలి గోడ పట్టుకుంది. ప్రైమరు ఇంకా ఆరలేదు.

"మీ తాతకు ఆరు లేంది నిద్రనే పట్టకపోయేది బిడ్డా" అన్నారు రెడ్డి గారు గర్వంగా.

అప్పుడే గేటు దడాలున తెరుచుకుంది. ముందు రెబెకా, వెనక చెప్పులు కూడా వేసుకోని బెంజమిన్. చర్చి మీటింగులో ఆడవాళ్ళంతా వరుసగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని సంతోషం తెలిపారట. ఎందుకో ఆమెకు ఆఖరి మనిషి చెబితే గానీ తెలియలేదు.

"ఎవరు జెప్పిండ్రు నేను ఒప్పుకున్ననని?" అంది రెబెకా. "నేను జేసుకోను. జేసుకోనంటె జేసుకోను!"

ఈ పెళ్ళి ఆపడానికే అంకిత బస్సెక్కి వచ్చింది. ఆ మాట విని సంతోషించాలి. కానీ చేతినిండా తెల్ల రంగుతో ఆమె రెబెకా ముందుకు వచ్చి నిలబడింది.

"ఏం? మా నాయినకు ఏం తక్కువ?"

"బిడ్డా..." అన్నారు రెడ్డి గారు.

"నువ్వాగు నాయినా. మా నాయిన తాగడు, అబద్ధం ఆడడు. అమ్మ మంచాన పడితె రోజు ఆయననే తల దువ్వి జడేసిండు. నాకన్న మంచిగేస్తడు. పొలంల కూలోళ్ళు తిన్నంకనే తింటడు. గసొంటి మనిషిని వద్దంటవా?"

రెడ్డి గారికి అప్పుడు విషయం తలకెక్కింది. లోపలికి వెళ్ళి, రివాల్వరు, ఖాళీ తొడుగుల డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టారు. "సంగతి గిది" అని మొదటి నుంచి చెప్పుకొచ్చారు. డై అంటే ఏమిటో, ప్రెస్సంటే ఏమిటో వివరించారు. నిచ్చెన మీది మనిషి నవ్వి నవ్వి బ్రష్షు కింద పడేశాడు. వజ్రమ్మ కొంగులో మొహం దాచుకుంది. రెబెకా ఒక్కతే నవ్వలేదు.

"అంటె గిదంత గీ ఇనుప ముక్క కోసమా?" అంది. ఆ గొంతులో ఇందాకటి కోపం లేదు. ఉన్నదేమిటో బెంజమిన్‌కు అర్థమై నేల చూశాడు.

అంకితకు కూడా అర్థమైంది. అంతగా పొగిడాక మాట వెనక్కి తీసుకోవడం ఎట్లా? "పోనీ... జేసుకుంటె మాత్రం ఏమైతది?" అంది.

రెబెకా రివాల్వరును చూసింది. "దవాఖానల గుండు దెబ్బలకు కట్లు గట్టిన చేతులు ఇవి. మా అన్న పెట్టెల ఇప్పటికి గా నూనె వాసననే. గది ఉన్న ఇంట్ల నేను అడుగువెట్ట."

"లేకుంటె పెడ్తవా మరి?"

రెబెకా అరుగు మీద కూర్చుని, "ఇంటికొచ్చినోళ్ళకు ఎవరన్న చాయ్ పోస్తరా?" అని అడిగింది.

రెడ్డి గారు ఆమె కూర్చున్న వైపు చూశారు, తర్వాత రివాల్వరు వైపు చూశారు. సందేహం వచ్చిన తొడుగును భూతద్దం కింద చూసినట్టే, చాలాసేపు చూశారు.

మర్నాడు పొద్దున ఆయన రివాల్వరును చివరిసారి శుభ్రంగా తుడిచి, తెల్ల బట్టలో చుట్టి, స్టేషనుకు వెళ్ళి ఎస్సై బల్ల మీద పెట్టారు. చెయ్యి కాస్త ఆలస్యంగా వదిలారు.

శశిధర్ నొచ్చుకున్నాడు. "గింత తొందరేంది పెద్దాయనా? పర్మిషన్‌కు కాగితం పెట్టుకోండ్రి, నేను గూడ మంచిగ రాసి పంపుత. నెలాఖరుకు ఇంకా మస్తు టైమున్నది."

"టైము మీకున్నది సార్" అన్నారు ఇంద్రకరణ్ రెడ్డి గారు. "నాకు లేదు."

— యేసమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉంటున్నది మెదక్‌లో, చర్చి వెనక వీధిలో.