భీమరాజు బాస్కెట్‌బాల్ పరీక్ష

పేరు భీమరాజే గాని మనిషి ఐదడుగుల మూడంగుళాలు. అతని భార్య కుసుమకుమారి అటక మీది డబ్బా దించాలంటే స్టూలు వేసుకోదు, చెయ్యి చాపుతుంది. షార్జాలో ఈ జంటను చూసి ఎవరైనా నవ్వబోతే, "మా ఇంట్లో ఫ్యాను తుడవడానికి నిచ్చెన అక్కర్లేదండీ" అని భీమరాజు తానే ముందు నవ్వేసేవాడు.

2003 మొదట్లో అతనికి ఆ నవ్వు కూడా పోయింది. అతను డ్రాయింగులు గీసే కంపెనీ, ఒక మనిషిని ఎక్కడో దూరాన ఉన్న రువైస్ సైటుకు పంపాలనుకుంది. అక్కడున్నది బ్యాచిలర్ క్యాంపు. అంటే కుసుమకుమారి ఏలూరు వెళ్ళిపోవాలి, ఇతను ఆరుగురి గురకల మధ్య పడుకోవాలి. భార్యను వదిలి ఆరు రోజులు ఉండలేని మనిషికి రెండేళ్ళ సైటు. ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు.

ఉపాయం స్టోర్ కీపర్ ఖాదర్ హుస్సేన్ చెప్పాడు.

"భీమన్నా, ముదీర్ హద్దాద్‌కి ఒక్కటే పిచ్చి. అమెరికాల ఆడోళ్ళ బాస్కెట్‌బాల్. బిడ్డ గూడ ఆడుతది. నాకు గూడ అదే పిచ్చి అని చెప్పు, ఇంటికి దావత్‌కి పిలువు. రువైస్ ఖలాస్."

"ఆ ఆటలో నాకు ఓనమాలు తెలీవు భాయ్."

"నెట్ కేఫ్ల కంప్యూటర్ల అన్నీ దొర్కుతయ్. బట్టీ కొట్టు."

మర్నాడే భీమరాజు ముదీర్, అంటే మేనేజరు, గదిలోకి వెళ్ళి, తాను పదేళ్ళుగా మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు చూస్తున్నానని చెప్పేశాడు. ఆ లీగు పుట్టి అప్పటికి ఆరేళ్ళు కూడా కాలేదు. ముదీర్ మీసాల్లో నవ్వుకుని, రెండు వారాల తర్వాతి శుక్రవారం కూతురితో భోజనానికి వస్తానన్నాడు.

ఆఫీసు మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి నాలుగింటికి తెరుస్తారు. ఆ మూడు గంటలూ నిద్రపోయే భీమరాజు ఇప్పుడు సోఫాలో పడుకుని, కేఫ్‌లో అచ్చు తీయించి డ్రాయింగు చుట్టల మధ్య దాచిన కాగితాలు చదవసాగాడు. పక్కనే కుసుమకుమారి ఎప్పటిలాగే సౌండు తీసేసి టీవీ చూస్తూ ఉండేది. ఏం చూస్తోందో అతనెప్పుడూ తల తిప్పలేదు.

చదివేకొద్దీ అతనికి మతి పోయింది. సింథియా కూపర్ ముప్పై నాలుగో ఏట ఈ లీగులోకి వచ్చింది. హ్యూస్టన్ జట్టు వరసగా నాలుగేళ్ళు కప్పు గెలిస్తే, నాలుగు ఫైనల్స్‌లోనూ మేటి ఆవిడే. అదే జట్టులో టీనాతో కలిసి ఆడే షెరిల్ స్వూప్స్ కాన్పయిన ఆరు వారాలకు బరిలోకి దిగింది. భీమరాజు తనకు జలుబు చేస్తే ఆరు వారాలు ఏసీ వెయ్యనివ్వడు. లీసా లెస్లీ ఆరడుగుల ఐదంగుళాలు. ఆ లీగులో మొదటిసారి, బంతిని విసరకుండా ఎగిరి వెళ్ళి ఒంటి చేత్తో అంత ఎత్తు బుట్టలోకి కుక్కేసిన మనిషి. ఆ వాక్యం దగ్గర భీమరాజు లేచి కూర్చుని కాగితానికి దణ్ణం పెట్టాడు.

నాలుగో రోజు కునుకు తీసి లేచేసరికి కుసుమకుమారి కాఫీ పట్టుకుని నిలబడి ఉంది.

"సింథియా ఎవరండీ?"

భీమరాజు డ్రాయింగు చుట్టల్ని కాలితో సోఫా కిందికి తోశాడు. "ఆఫీసులో ఫైళ్ళు చూసే అమ్మాయి."

"షెరిల్?"

"ఆవిడా ఫైళ్ళే."

"నిద్రలో టీనా అని కూడా అన్నారు."

"టీనా కొత్తగా చేరింది."

"ముగ్గురా. మీ ఆఫీసులో ఫైళ్ళు చాలా ఉన్నట్టున్నాయి" అని, కాఫీ చేతికిచ్చి వెళ్ళిపోయింది. అరవలేదు, అలగలేదు. ఆ శాంతం చూసి భీమరాజు కాఫీ తాగకుండానే ఆఫీసుకు బయల్దేరాడు.

శుక్రవారం వచ్చింది. కుసుమకుమారి వంటింట్లో పూరీలు వత్తుతోంది. ముదీర్, అతని పన్నెండేళ్ళ కూతురు రీమా హాల్లో కూర్చున్నారు. భీమరాజు ఊపిరి బిగబట్టి పేర్లన్నీ అప్పజెప్పాడు. ముదీర్ తల ఊపుతూ విన్నాడు.

"బాగుంది. ఇంతకీ హ్యూస్టన్ జట్టు రహస్యం ఏమిటంటావు?"

ఆ ప్రశ్న కాగితాల్లో లేదు. భీమరాజుకు తెలిసిన ఆట ఒక్కటే.

"ఓపెనింగ్ జోడీ సర్. సింథియా, షెరిల్ కొత్త బంతిని జాగ్రత్తగా ఆడతారు. టీనా వన్ డౌన్. వికెట్లు చేతిలో ఉంటే చివర్లో ఎంతైనా కొట్టొచ్చు."

ముదీర్ రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రీమా ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. "కోచ్, మీరే రండి, నావల్ల కాదు" అన్న ఇంగ్లీషు కేక హాల్లోకి వినిపించింది.

"కోచా?" అన్నాడు భీమరాజు.

ముదీర్ కళ్ళు తుడుచుకుని సంగతి చెప్పాడు. బిల్డింగు వెనక ఇసుక జాగాలో ఫిలిప్పీన్స్ వాళ్ళు పాతుకున్న బుట్ట ఒకటుంది. భీమరాజు సాయంత్రం ఆఫీసులో ఉండే వేళల్లో, ఏడాదిగా కుసుమకుమారి అక్కడ పదిమంది ఆడపిల్లలకు ఆట నేర్పుతోంది. "నువ్వు రువైస్ వెళ్తే కోచ్ ఇండియా వెళ్ళిపోతుందని మా అమ్మాయి రెండు రోజులు అన్నం ముట్టలేదు. వేరే అతను తానే వెళ్తానంటే సరేనన్నాను. పది రోజులైంది."

"మరి నాకెవరూ చెప్పలేదే సర్?"

"మీ ఆవిడ ఆపింది. పెళ్ళయ్యాక మొదటిసారి శ్రద్ధగా చదువుతున్నారు, పరీక్ష అయ్యేదాకా చెప్పకండి అంది."

భోజనాలయ్యాక అందరూ కిందికి దిగారు. కుసుమకుమారి కొంగు నడుముకు దోపి, చెప్పులు విడిచి, ఇసుకలో గీసిన గీత దగ్గర నిలబడింది. బంతిని రెండుసార్లు నేలకు కొట్టి వదిలింది. బుట్ట అంచైనా తగలకుండా దిగిపోయింది. మళ్ళీ వేసింది. పది వేస్తే తొమ్మిది పడ్డాయి. పదోది తప్పినందుకు ఆవిడ మొహం చిట్లించుకోవడం చూసి భీమరాజు నోరు తెరిచినవాడు మూయలేదు.

"నాతో ఒక్క మాటైనా అనలేదేంటోయ్?" అన్నాడు చివరికి.

"పెళ్ళిచూపుల్లో మా నాన్న నన్ను చాప మీంచి లేవనివ్వలేదు. నా పొడుగూ దాచారు, ఆటా దాచారు. పొడుగు పీటల మీంచి లేవగానే బయటపడింది. ఆట సంగతి మీరు అడిగితే చెబుదామనుకున్నా."

"పెళ్ళయి ఆరేళ్ళయింది కదా."

"అవునండీ. మీ పక్కనే టీవీలో ఆ ఆట చూసుకుంటూ, ఎప్పుడడుగుతారా అని నేనూ చూస్తూనే ఉన్నా."

ఆ మాట భీమరాజుకు సూటిగా తగిలింది. సముద్రాల అవతలి ఆడవాళ్ళ చరిత్రకు అబ్బురపడి దణ్ణాలు పెట్టాడు. రోజూ తనకు కాఫీ ఇచ్చే మనిషిని ఏమీ అడగలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఈవిడ నా భార్యా అన్న ఆశ్చర్యం గుండె నిండా వచ్చింది.

"ఏ జట్టుకి ఆడావు కుసుమా?"

ఆవిడ బంతి అతని చేతిలో పెట్టింది. "ఒక బుట్ట వెయ్యండి, ఒక జవాబు చెబుతా."

భీమరాజు బలమంతా పెట్టి విసిరాడు. అది బుట్టకు రెండు గజాల ఇవతలే పడింది. ఆడపిల్లల వరసలో చివర నిలబడి, శుక్రవారం శుక్రవారం విసురుతూనే ఉన్నాడు. మొదటి జవాబుకు పదకొండు శుక్రవారాలు పట్టింది. రాష్ట్ర జట్టుకు ఆడిందట, మూడేళ్ళు కెప్టెనట.

రెండో ప్రశ్న కోసం ఇంకా విసురుతున్నాడు.